ఇసుక గుండిగలో కేకు

ఎవరైనా ప్రశ్న అడిగితే యోగాంబగారు జవాబు చెప్పరు, పని చెబుతారు. భీమిలి దాటాక కొండవాలులో ఉన్న ఆ ఆశ్రమంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. మోక్షం గురించి అడగబోయి బావిగట్టున పాచి గీకినవాళ్ళున్నారు. అందుకే అక్కడ చాలామంది తమ సందేహాలను తమ దగ్గరే అట్టిపెట్టుకుంటారు. వకుళ మాత్రం అలా ఊరుకునే మనిషి కాదు. ఆశ్రమం బడిలో పాఠాలు చెబుతూ యోగాంబగారికి శిష్యురాలిగా ఉంటున్న ఆవిడ, ఏదైనా పట్టిందంటే వదలదు.

ఈసారి కేకుల పోటీని పట్టుకుంది. ఆదివారం సాయంత్రం భోజనశాలలో పిల్లలకి టీవీ పెడతారు. అందులో పదేసేళ్ళ పిల్లలు తెల్లటోపీలు పెట్టుకుని కేకులు చేస్తారు. న్యాయనిర్ణేతలు ఇంత తుంచి నోట్లో వేసుకుని, కాసేపు మొహం బిగించి, వారానికొక పిల్లని ఇంటికి పంపేస్తారు. ఆ పోటీకి విశాఖపట్నంలో ఎంపికలు జరుగుతున్నాయనీ, సోమవారం పైడితల్లిని తీసుకువెళ్ళి తీరాలనీ వకుళ నిశ్చయించుకుంది.

పైడితల్లి ఆ బడిలో చదువుకుంటున్న మత్స్యకారుల పిల్ల. కరెంటు పొయ్యి మొహం ఎరగదు. ఇడ్లీ గుండిగలో ఇసుక పోసి, ఇసుక కాగాక దాని మీద గిన్నె పెట్టి, గుడ్డు వెయ్యకుండా పెరుగుతోనే దూదిలాంటి కేకు దించుతుంది. చిన్నప్పుడు వకుళ బాగా పాడేది. ఆ గొంతు విని చెయ్యి పట్టుకుని ఒక పోటీకి తీసుకువెళ్ళినవాళ్ళు లేరు. ఆ బాధ ఆమెకి ఇప్పటికీ ఉంది. ఈ పిల్ల కూడా అలా మిగిలిపోకూడదన్నది ఆమె పట్టుదల.

"అమ్మా, ఇలాంటి పోటీలు పిల్లలకి తగునా అని ఇక్కడ కొందరు గొణుగుతున్నారు. నాకైతే అనుమానం లేదు. మీరేమంటారు?" అని అడిగింది.

"రేపు పొద్దున ఆ పిల్లని ఇక్కడే ఒక కేకు చెయ్యనీ. టీవీలో వాళ్ళు ఎలా చూస్తారో, నువ్వూ అలాగే చూడు," అన్నారు యోగాంబగారు.

వకుళ ఎగిరి గంతేసినంత పని చేసింది. పాచి గీకమనలేదు, అంతే చాలు.

మర్నాడు పైడితల్లి పిండి కలిపి, గిన్నె గుండిగలో దించి మూత వేసింది. ఇక్కడ ఆ వంటింటి మర్యాద ఒకటి చెప్పాలి. పెద్దవాళ్ళెవరైనా వచ్చి ఏం వండుతున్నావని అడిగితే నోటితో చెప్పి సరిపెట్టకూడదు, మూత తీసి చూపించాలి. అన్నమైనా అంతే, పప్పైనా అంతే. తమది దాపరికం లేని వంటిల్లని ఆశ్రమంలో అందరికీ గొప్ప.

వకుళ కాసేపు గుమ్మంలోనే నిలబడింది. టీవీలో వాళ్ళు బల్లల మధ్య తిరుగుతూ పిల్లల్ని పలకరించడం గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది. "ఎలా వస్తోందే?" అంది. పైడితల్లి మూత తీసి చూపించింది. చక్కగా పొంగుతోంది. వకుళ మురిసిపోతూ బయటికి వచ్చింది, మురిపెం తీరక మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మూత లేచింది. ఇంకాసేపటికి అడుగంటుతుందేమోనని బెంగ పట్టుకుని మూడోసారీ లోపలికి వెళ్ళింది. పాపం, ప్రేమ ఉన్నచోట కాలు నిలవదు కదా. ఈసారి పిల్ల ఏదో అనబోయింది. పెద్దవాళ్ళతో ఎలా అనాలో తెలియక మాట మింగేసి, మూత తీసింది.

తీరా దించి చూస్తే కేకు మధ్యలో గుంట పడింది. లోపలంతా పచ్చిపిండి. వకుళ చెంచాతో తుంచి నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్న ఆశంతా ఒక్కసారిగా కూలి నోరు జారింది.

"ఇదేమిటే? టీవీలో అయితే నిన్నీపాటికి ఇంటికి పంపేసేవాళ్ళు!"

అన్నాక ఆ గొంతు తనదేనా అనిపించింది వకుళకి.

పైడితల్లి ఏడవలేదు. పెదవి బిగించి గిన్నె తోమింది. మళ్ళీ పిండి జల్లించింది, జల్లిస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. గిన్నె గుండిగలో పెట్టి, మూత వేసి, నేరుగా వచ్చి వకుళ ఎదుట నిలబడింది.

"అక్కయ్యగారండీ, మూత తీసినప్పుడల్లా పొంగినది కూకుండిపోతాదండి. ఈపాలి నాను పిలిసేదాకా లోపలికి రాకండి."

అని తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ తలుపుకి గడియ ఉందన్న సంగతే ఆశ్రమంలో చాలామందికి తెలియదు.

వకుళకి ముందు కోపం వచ్చింది. వెనకాలే సిగ్గు వచ్చింది, అది మాత్రం పోలేదు. వంటింటి బయట అరుగు మీద యోగాంబగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆవిడ పక్కన కూర్చుంది. కొంతసేపటికి తలుపు సందులోంచి కమ్మటి వాసన రావడం మొదలైంది. వకుళ లేచి తలుపు దాకా వెళ్ళింది. తట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పని ఆమెకి చాలా కష్టమైంది.

తిరిగి వచ్చి, "అయితే పంపవద్దంటారా అమ్మా?" అని అడిగింది.

యోగాంబగారు చిక్కుడుకాయల చేట ఆమె ముందుకి జరిపారు.

"నేనేమన్నాను తల్లీ? ఆ పిల్ల ఇందాక నీతో అన్న మాట అక్కడ అంటే వింటారేమో, కనుక్కో."