కడిగిన ఆకులు

పేట బావి పక్కన రాజుగారి బావమరిది నీలిమందు తొట్లు పెట్టించాడు. అప్పట్నుంచి ఆ నీళ్ళు తాగినవాళ్ళు తాగినట్టే మంచాన పడ్డారు. తొట్లు ఎవరివో తెలుసు గనక అధికారులెవరూ నోరెత్తలేదు. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన ఓబులమ్మ కొలువుకొచ్చి మొరపెట్టుకుంది. ఈమధ్యే పోయిన ఆస్థాన వైద్యుడు, తాను చనిపోయేముందు, ఆ నీళ్ళకు చనిపోయినవాళ్ళ పేర్లు, నీళ్ళ గుణం తాటాకుల మీద రాసి కొలువులో దాఖలు చేశాడు. వాటిని తెమ్మన్నాడు రాజు.

పత్రాలు దాచే అధికారి పద్మనాభయ్య చేతులు కట్టుకున్నాడు. "దసరాకి ఆనవాయితీగా ఆకులు కడిగాం ప్రభూ. అక్షరాలు చెరిగిపోయాయి. సాక్ష్యం లేదు గనక బావికి దోషమూ లేదు."

"ఏ నీళ్ళతో కడిగారయ్యా?" అంది ఓబులమ్మ.

"ఆ బావి నీళ్ళతోనే! అంత మంచి నీళ్ళవి."

"మా ముత్తాత నాటి పట్టా ఆకును ఏటా కడుగుతాం ప్రభూ. గంటంతో గీసిన గీత నీళ్ళకు పోదు. ఆ గీతనే తినేసిన నీళ్ళు పసివాళ్ళ పేగుల్ని వదుల్తాయా? కాదు, నీళ్ళు మంచివేనంటే, ఆకుల్ని చెరిపింది ఈయనే."

రాచపత్రం చెరిపినవాడి చెయ్యి నరకడం ఆ రాజ్యంలో శిక్ష. పద్మనాభయ్య తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"నీళ్ళదే దోషం ప్రభూ," అన్నాడు.

తొట్లు మూయించమని రాజు తీర్పు చెప్పి, ఆకు మీద రాయమన్నాడు.

"ఆకు వద్దు దొరా, మళ్ళీ ఈయన దగ్గరికే పోతుంది," అంది ఓబులమ్మ. "బావి దగ్గర బండ మీద చెక్కించండి. నా పిల్లల పేర్లు కూడా. అవి ఇంకెక్కడా మిగల్లేదు."