ఎంగిలి ఆవకాయ

అనగనగా ఒక అడవి. ఆ అడవికంతటికీ ఒకటే ఆవకాయ కొట్టు. అడవిలో ఆవకాయేమిటని నన్నడక్కండి. మామిడిచెట్లున్నాయి, మిరపకాయలున్నాయి, తినే నోళ్ళున్నాయి, ఇంకేం కావాలి? కొట్టు యజమాని అడవిపంది వరహాలయ్య. పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద గొంతు. ఆయన దగ్గర కారం కలిపి, జాడీల మూతికి వాసెన గుడ్డ కట్టే పని ఉడుత నూకాలుది. తడి తగిలితే ఆవకాయ పాడవుతుందని, నూకాలు తోకతో సహా తుడుచుకుని గానీ జాడీ ముట్టుకునేది కాదు.

ఒకరోజు నూకాలు కొట్టు వెనక్కి వెళ్ళింది. అక్కడ వరహాలయ్య నిరుటి జాడీల్లో పైపై బూజు మాత్రం గీకేసి, పైన కొత్త నూనె పోసి, నాలుగు కొత్త ముక్కలు పరుస్తున్నాడు. కుందేలు కాంతమ్మ పిల్లలు కడుపునొప్పితో ఎందుకు దొర్లుతున్నారో నూకాలుకి అప్పుడు తెలిసింది. పిల్లలు తినే వస్తువయ్యా, వద్దయ్యా అని బతిమాలింది. నీ పని నువ్వు చూసుకో అన్నాడాయన.

నోరు మూసుకుంటే పని నిలుస్తుంది. వానాకాలం నెత్తి మీదకొస్తోంది, తొర్రలో తనకూ పిల్లలున్నారు. అయినా నూకాలు తిన్నగా సంతకెళ్ళి బూజు సంగతి అందరికీ చెప్పేసింది. గుప్పెడంత ఉడుతకి ఎంత గుండె ఉందో చూశారా!

వరహాలయ్య ఆమెను పనిలోంచి తీసేశాడు. పోనీ అక్కడితో ఊరుకున్నాడా? ఊరుకుంటే వరహాలయ్య ఎందుకవుతాడు?

ముందు కుందేళ్ళ వాడకెళ్ళాడు. నూకాలుకి చేతివాటం ఉంది, ఆవపిండి మాయం చేసేది అని చెప్పాడు. మర్నాడు వేరుశెనగలు ఒలిచే పని అడుగుదామని నూకాలు వెళ్ళింది. కాంతమ్మ తలుపు సందులోంచే లేదు పొమ్మంది.

తర్వాత నెమళ్ళ దగ్గరికెళ్ళాడు. నూకాలు ఒట్టి గయ్యాళి, నన్నే కొరకబోయింది అన్నాడు. ఉడుత పందిని కొరకడమేమిటని ఒక్క నెమలైనా అడగాలా? అబ్బే! మెడలు సాగదీసి విని, ఇంకాస్త కారం కలిపి పక్క కొమ్మకి అందించాయి. సాయంత్రానికల్లా నూకాలు ఏనుగు బంగారమ్మని కూడా కొరికేసింది.

నూకాలు తొర్రలో కూర్చుని ఏడ్చింది. పని పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. పేరే పోతే పిల్లల్ని ఎలా సాకాలి?

ముచ్చటగా మూడో చాడీ చెప్పడానికి వరహాలయ్య సంతకొచ్చాడు. బంగారమ్మ తొండం ఊపుతూ, నన్ను ఉడుత కొరికిందట కదా, ఎక్కడ కొరికిందో నాకే తెలియలేదు అంది. అందరూ నవ్వారు. ఆ మాట అలా ఉంచి, బూజు సంగతేమిటని అడిగింది. వరహాలయ్యకి ఒళ్ళు మండింది.

"ఆ ఉడుత మాట నమ్ముతారా? అది నా కొట్లో ప్రతి జాడీలోనూ మూతి పెట్టి నాకేది. నా కళ్ళతో నేను చూశాను" అన్నాడు.

ఒక ముసలి కోతి నములుతున్న ముక్కను మెల్లగా బయటికి తీసి చూసుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు మాకమ్మింది ఎంగిలి ఆవకాయా?" అంది.

ఇక చూడాలి తమాషా! కోతులు థూ థూ అని ఉమ్ముతున్నాయి. నెమళ్ళు ఏటికి పరిగెత్తి పుక్కిలిస్తున్నాయి. వియ్యాలవారికి కూడా ఇదే పెట్టామే అని నక్క నెత్తి బాదుకుంటోంది. అమ్మిన జాడీలన్నీ దొర్లుకుంటూ కొట్టు ముందుకొచ్చి పడ్డాయి. ఇవి మాకొద్దని జనం అరుస్తున్నారు.

వరహాలయ్యకి ముచ్చెమటలు పోశాయి. లేదు లేదు, నూకాలు నిప్పులాంటి పిల్ల, ఎంగిలి మాట నేను కల్పించానని మొత్తుకున్నాడు. మరి చేతివాటం మాటో అని బంగారమ్మ అడిగింది. అదీ కల్పించిందేనన్నాడు. కొరకబోయిన మాటో? అదీ అంతేనన్నాడు.

"అయితే ఇక ఆ పిల్ల చెప్పిన బూజు మాట ఒక్కటే మిగిలింది. తియ్యి వాసెన" అంది బంగారమ్మ.

తీశారు. బంగారమ్మ జాడీ ఎత్తి నేల మీద బోర్లించింది. పైనుంచి నాలుగు కొత్త ముక్కలు పడ్డాయి. వాటి వెనకే పచ్చటి బూజు ముద్ద దభీమని పడింది. ఆ వాసనకి ఈగలు కూడా పారిపోయాయి. ఆ తర్వాత వరహాలయ్య కొట్టు గుమ్మం తొక్కినవాళ్ళు లేరు.

సాయంత్రం కాంతమ్మ పరుగున నూకాలు తొర్ర దగ్గరికొచ్చింది. రేపటి నుంచే పనికి రమ్మని బతిమాలింది.

"వస్తాను పిన్నీ" అంది నూకాలు. "నీ పిల్లల కడుపునొప్పి చూడలేకే నేను నోరు విప్పాను. ఆ రోజు తలుపు వేసే ముందు, నిజమేమిటని నన్నొక్క మాట అడగాల్సింది కదా."

కాంతమ్మ చెవులు రెండూ వాలిపోయాయి.

నీతి: తప్పును బయటపెట్టినవారి మీద ఎవరైనా నింద వేస్తే, ఆ నిందను నమ్మే ముందు వారు చెప్పిన తప్పు నిజమో కాదో తేల్చుకోవాలి.