తుపాకి వచ్చిన పెట్టె

ఒక కొండరాజ్యంలో అడవిపందులు చేలమీద పడ్డాయి. రాజుగారికి ఆ సంగతి ఊళ్లో పంటలన్నీ పోయాక తెలిసింది. పాపం, ఆయనకు ప్రజలంటే ప్రాణం.

ఏటిగట్టున ఒక ఆడమనిషి జొన్నచేను మాత్రం మిగిలింది. ఆమె కోటకు వచ్చి, "దొరా, ఇదీ పోతే నా పిల్లలకి గంజి కూడా ఉండదు," అని మొరపెట్టుకుంది.

"నిశ్చింతగా ఉండు. సముద్రం అవతల నుంచి వేటతుపాకి తెప్పిస్తున్నా. సింహాలను కొట్టిన తుపాకి!" అన్నాడు రాజు.

"పందుల్ని కొడుతుందా దొరా?"

రాజుకు ఆ ప్రశ్న మర్యాదగా తోచలేదు.

వాడిన తుపాకి తెప్పించడం కొత్తది దొరక్క కాదు. పరాయి దొర చేతిలో అరిగినదానికి ఉన్న గౌరవం కొత్తదానికెక్కడిది! రేవులో అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇదివరకు వాడిందేనా?"

"వాడిందేనండీ," అన్నాడు రాజభటుడు.

"ఇక్కడ కూడా వాడతారా?"

"అబ్బే, ఇది మా రాజుగారిదండీ."

"అయితే తీసుకెళ్లు."

తుపాకి సరిగ్గా దసరాకు చేరింది. ఆయుధపూజ చెయ్యకుండా పేలిస్తే అరిష్టమన్నాడు పురోహితుడు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, గొట్టం నిండా గంధం కూరారు. తీరా పూజ అయ్యాక, పూజలందుకున్నదాన్ని పందినెత్తుటితో మైలపరచకూడదన్నాడు. రాజు చెమర్చిన కళ్లతో ఒప్పుకున్నాడు. తుపాకి పీటమీదే ఉండిపోయింది.

ఈ సంగతి విని జొన్నచేను ఆమెకు ఒళ్లు మండింది. తుపాకి వచ్చిన చెక్కపెట్టె కోట వెనక పారేసి కనబడితే, పొయ్యిలోకైనా పనికొస్తుందని నెత్తిన పెట్టుకుపోయింది. పొద్దుగూకేసరికి పందులు చేలో దిగాయి. ఏం చెయ్యాలో తోచక, చేతికందిన కట్టెతో ఆ పెట్టెనే దబదబా బాదింది. ఖాళీ పెట్టె ఉరిమినట్టు మోగింది. పందులు తోక ముడిచి అడవిలో పడ్డాయి. ఎన్నాళ్లకో ఆమె నవ్వింది.

కబురు కోటకు పాకింది. మర్నాడు పురోహితుడూ భటులూ సన్నాయి మేళంతో చేనికి వచ్చారు. పెట్టెకు పసుపు రాసి, దండ వేసి, తుపాకి పక్కన పెట్టడానికి ఎత్తుకున్నారు.

"అదీ తీసుకుపోతే నా చేను ఏం గానయ్యా?" అని ఆమె ఏడ్చింది.

"ఇంత మహిమగలదాన్ని కట్టెతో బాదుతావా?" అని పురోహితుడు చెంపలు వేసుకున్నాడు. నాలుగడుగులు వేసి, భక్తిగా వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, దీన్ని మోగించిన చేతులు ఎవరివి?"

ఆయన పళ్లెంలో పసుపు ఇంకా మిగిలి ఉంది. ఆమె ఏడుపు ఆపి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.