పిట్టగోడ దిగిన కోతులు

ఇప్పకొండ అడవిలో ఇప్పచెట్లు ఎన్నో కోతులూ అన్నే ఉండేవి. కొండ పైభాగాన కొండముచ్చులు, వాగు ఒడ్డున దుప్పులు, రాళ్ల సందుల్లో ఎలుగుబంట్లు ఉండేవి. వీటన్నిటి మీదా ఓ కన్నేసి తిరిగే ఒక ముసలి చిరుతపులి కూడా ఉండేది.

ఆ కోతుల్లో వెలగ అనే తల్లికోతి ఉంది. వెలగ చిన్నప్పుడు కోతుల గుంపు ఒక్కచోట నిలిచేది కాదు. పొద్దున్నే రేగుపొదల దగ్గరికి పోయేది. ఎండెక్కేసరికి వాగుకు దిగేది. సాయంత్రం బండల మీద చేరి, చిగుళ్లు నములుతూ, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ పొద్దుపుచ్చేది. రోజంతా తిరిగితేగాని కడుపు నిండేది కాదు. దాన్ని కష్టమని ఎవరూ అనుకోలేదు.

తర్వాత మనుషులు కొండను తొలిచి ఘాట్‌రోడ్డు వేశారు. ఒక పెద్ద మలుపు దగ్గర లోయ వైపు పిట్టగోడ కట్టారు. ఆ మలుపులో బస్సులూ కార్లూ నెమ్మదించేవి. కిటికీలోంచి ఎవరో ఒకరు అరటిపండు విసిరేవారు. కొన్నాళ్లకు అరటిపండ్లు తగ్గి క్రీము బిస్కెట్లు వచ్చాయి. వాటి వెనకే చిప్స్ ప్యాకెట్లు, మిఠాయి ముక్కలు, సగం తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసాలు వచ్చాయి.

గుంపు నాయకుడి పేరు ఉద్దండుడు. మొదటి బిస్కెట్టు తిన్నది అతనే.

"ఇంత రుచి మన తాతలకు కలలో కూడా తెలియదు! ఇక ముళ్లలో చేతులు పెట్టడం ఎందుకు? ఇక్కడే కూర్చుందాం. తిండే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది" అన్నాడు.

గుంపంతా గోడెక్కింది. వెలగ కూడా ఎక్కింది.

వెలగ కూతురు పరికి ఆ గోడ మీదే పుట్టింది. ఆరు నెలలకే బొద్దుగా తయారైంది. "అబ్బ, ఎంత ముద్దొస్తోందో! బుగ్గలు చూడండి!" అని అందరూ పరికిని చేతుల మీద తిప్పేవారు. వెలగ మురిసిపోయి తన వంతు బిస్కెట్టు కూడా కూతురి నోట్లోనే పెట్టేది. పిల్ల గోడ దిగబోతే మాత్రం గుండె గుభేలుమనేది. "వద్దమ్మా, లారీ గుద్దేస్తుంది. ఇక్కడే కూర్చో. ఇదిగో, ఇంకోటి తిను" అని పక్కకు లాక్కునేది.

ఏడాది గడిచింది. రెండేళ్లు గడిచాయి. గోడ మీద కోతులన్నీ ఒళ్లు చేశాయి. పొట్టలు ఒళ్లోకి జారాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పళ్లు పుచ్చాయి. ప్యాకెట్టు కోసం రోజూ తోపులాట, అరుపులు. రాత్రంతా వాహనాల వెలుగు కళ్లలో పడుతూ ఉంటే సరైన నిద్ర లేదు. చిత్రమేమిటంటే, ఎంత తిన్నా గంటకే మళ్లీ ఆకలేసేది.

ఒకసారి కొండ పైనుంచి బూదవ్వ అనే ముసలి కొండముచ్చు దిగివచ్చింది. వెలగను చిన్నప్పటి నుంచీ ఎరిగినది కాబట్టి చూసిపోదామని వచ్చింది. పరికిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మోకాళ్లు తడిమి, "ఈ పిల్ల చెట్టెక్కి ఎన్నాళ్లయిందే?" అని అడిగింది.

వెలగకు కోపం వచ్చింది. "నా బిడ్డకు దిష్టి పెట్టకు అవ్వా! ఆకలంటే ఏమిటో తెలియకుండా పెంచుతున్నాను" అంది.

బూదవ్వ పిల్ల తల నిమిరి, మెల్లగా కొండెక్కి వెళ్లిపోయింది.

చలికాలం చివర ఒకనాటి మధ్యాహ్నం చిరుతపులి మలుపు దగ్గరికి వచ్చింది. పారేసిన తిండి కోసం ఊరకుక్కలు అక్కడ తిరుగుతుంటాయని దానికి తెలుసు. ఆ రోజు కుక్కలు లేవు. గోడ మీద కోతులున్నాయి.

కోతులు కీచుమంటూ రోడ్డు అవతలి మద్దిచెట్టు మీదికి పరుగెత్తాయి. ఒకప్పుడు రెండు గెంతుల్లో ఎక్కిన చెట్టే. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పడుతూ, రొప్పుతూ, పట్టు దొరక్క జారాయి. వెలగ ఎలాగో కొమ్మ అందుకుంది. వెనక్కి చూస్తే పరికి లేదు.

పరికి చెట్టు మొదట్లో ఉంది. మాను కౌగిలించుకుని పైకి లేచింది, జారింది. మళ్లీ లేచింది, మళ్లీ జారింది. "అమ్మా! రావడం లేదమ్మా!" అని ఏడ్చింది. చిరుత ఇరవై అడుగుల దూరంలో దూకడానికి పొట్ట నేలకు ఆనించింది.

వెలగ కిందికి దూకింది. కూతురిని భుజంతో పైకి నెట్టింది. పిల్ల బరువుకు కాళ్లు వణికాయి. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగిన లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. చిరుత బెదిరి పొదల్లోకి మాయమైంది.

భయం తగ్గగానే వెలగకు కోపం ముంచుకొచ్చింది. "సోమరిదానా! ఒక్క చెట్టు ఎక్కలేవా? తిని తిని ఎలా తయారయ్యావో చూసుకో!" అని పిల్లను చెడామడా తిట్టింది.

పరికి కళ్లు తుడుచుకుంది. "నేనెప్పుడైనా ఎక్కుతానంటే ఎక్కనిచ్చావా అమ్మా? గోడ దిగొద్దన్నావు. ఇంకోటి తినమన్నావు. తిన్నాను" అంది.

వెలగకు తినలేనని పిల్ల తల తిప్పుకున్న రోజులు, కిందికి దిగుతానని మారాం చేసిన రోజులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కూతురిని దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కొండ మీదికి బయలుదేరారు. పదడుగులకోసారి ఆగుతూ మధ్యాహ్నానికి బూదవ్వ బండ దగ్గరికి చేరారు.

"తప్పు నాదే అవ్వా. దాన్ని తిట్టాను కూడా" అంది వెలగ.

"నిన్ను నువ్వు తిట్టుకున్నా లాభం లేదు" అంది బూదవ్వ. "మా కాలంలో తీపి తినాలంటే తేనెపట్టు దొరకాలి. అది ఏడాదికి ఒకటో రెండో. దానికోసం చెట్టెక్కాలి, ఈగలతో కుట్టించుకోవాలి. ఇప్పుడు రోజుకు యాభైసార్లు తీపి ఒళ్లోకొచ్చి పడుతోంది. ఒళ్లేమో పాతదే. ఎప్పుడో రాబోయే ఆకలికని అంతా దాచుకుంటోంది. దాచింది కరగాలంటే కాలు కదలాలి కదా! పైగా మీకు కంటినిండా నిద్ర లేదు, పొద్దస్తమానం ఆ హారన్ల మోత. మనసు బెదిరినప్పుడల్లా నోరు ఏదో ఒకటి నమలమంటుంది. మీ గోడ మీద నేను కూర్చున్నా ఇలాగే అవుతాను."

"మరి ఇప్పుడేం చేయాలి?"

"ఇవాళ ఆ వంగిన చెట్టు దాకా నడవండి. రేపటి సంగతి రేపు."

తల్లీకూతుళ్లు కొండ మీదే ఉండిపోయారు. మొదటి పది రోజులు నరకంలా గడిచాయి. చింతచిగురు పుల్లగా ఉందని పరికి ఉమ్మేసింది. బిస్కెట్టు కావాలని పొర్లి పొర్లి ఏడ్చింది. తలనొప్పితో వెలగకే పిచ్చెక్కినట్టయింది. ఆరో రోజు రాత్రి పిల్ల నిద్రపోతుంటే వెలగ చల్లగా గోడ దగ్గరికి జారుకుంది. రెండు ప్యాకెట్లు ఖాళీ చేసి, సిగ్గుతో మూతి తుడుచుకుంటూ తెల్లారేసరికి తిరిగొచ్చింది. మూతికింకా క్రీము అంటుకునే ఉంది.

బూదవ్వ చూసింది. పరికి కూడా చూసింది. కాసేపటికి బూదవ్వే, "నడుద్దామా?" అంది. ముగ్గురూ నడిచారు.

ఎండలు ముదిరేసరికి ఇప్పపూలు రాలాయి. వాటి తీపి పరికి నాలుకకు తెలిసింది. తునికిపండ్లు పండేనాటికి పిల్ల వంగిన చెట్టు మానేసి నిటారు చెట్లు ఎక్కసాగింది. ఒళ్లు ఒక్కసారిగా తగ్గలేదు. కానీ ఆయాసం పోయింది. కంటినిండా నిద్ర పట్టింది. ఒకనాడు ఎత్తైన కొమ్మ మీదినుంచి, "అమ్మా, ఇక్కణ్ణించి వాగు మొత్తం కనిపిస్తోంది!" అని పరికి అరిస్తే వెలగ కళ్లు చెమర్చాయి.

ఇది చూసి గోడ మీదినుంచి మరో మూడు కుటుంబాలు కొండెక్కాయి. ఉద్దండుడు పగలబడి నవ్వాడు.

"పోండి, పోయి ఆకులు మేయండి! నన్ను చూడండి. ఈ ఒళ్లే నా దర్జా. కూర్చున్నచోటికి తిండి వచ్చేవాణ్ణే రాజంటారు" అని పొట్ట మీద చరుచుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడాది మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో నాటి తెల్లవారుజామున కొండచరియలు విరిగి మలుపుకు అటూ ఇటూ రోడ్డు కొట్టుకుపోయింది. మధ్యలో పిట్టగోడా, దాని మీద కోతులూ మిగిలాయి. రోడ్డు అవతలి మద్దిచెట్టు కూడా పోయి, అక్కడ ఎత్తైన రాతి గోడ బయటపడింది. కింద లోయలో బురదనీళ్లు హోరెత్తుతున్నాయి. పైకి ఎక్కడమొక్కటే దారి.

ఆ రోజు వాహనాలు రాలేదు. మర్నాడూ రాలేదు. పిట్టగోడ కింద మట్టి కొంచెం కొంచెంగా జారుతోంది.

పైనుంచి వెలగ చూసింది. "మనవాళ్లు చిక్కుకుపోయారు" అంటూ పరుగున రాతి అంచుకు వచ్చింది. పరికి కూడా వెంట వచ్చింది. రాతిలో పట్టు ఎక్కడుందో, ఏ బీట కాలికి ఆనుతుందో పిల్ల ముందుగా చూసుకుంటూ కిందికి దిగింది.

"నా వెనక రండి. తొందర లేదు. అలిసిపోతే ఆగుదాం" అంది పరికి.

"మావల్ల కాదమ్మా, మా కాళ్లు వణుకుతాయి" అన్నారు కిందివాళ్లు.

"నావీ వణికేవి పిన్నీ. ఇదిగో, ఈ బీటలో చెయ్యి పెట్టు. ఆ, అంతే! ఇప్పుడు కుడికాలు."

ఒక్కొక్కరుగా ఎక్కారు. సగం దారిలో కూర్చుని రొప్పారు. మళ్లీ ఎక్కారు. పైనున్నవాళ్లు తీగలు పట్టుకుని, చేతులు చాచి లాగారు. సాయంత్రానికి అందరూ పైకి చేరారు, ఉద్దండుడు తప్ప.

"నాయకా, నువ్వూ రా!" అని వెలగ పిలిచింది.

"ఒక పిల్ల చెప్పినట్టు నేను పాకాలా? రేపు బస్సులొస్తాయి. అప్పుడు మీరే దిగివస్తారు" అన్నాడు ఉద్దండుడు, గోడ మీద మరింత వెనక్కి వాలుతూ.

ఆ వాలడంతోనే గోడ కదిలింది. కింద మట్టి లేని గోడ ఒక్క ఊపున లోయలోకి ఒరిగింది. ఉద్దండుడు కేక పెట్టి గెంతాడు. ఆ ఒళ్లుతో గెంతు సగం దూరం కూడా పోలేదు. రాళ్ల మీద పడి, దొర్లి, ఓ పొదలో చిక్కుకున్నాడు. కాలు విరిగింది.

వెలగ, మరో నలుగురు తీగలు పట్టుకుని కిందికి దిగారు. రెండు గంటలు పట్టింది అతణ్ణి పైకి చేర్చడానికి.

వారం తర్వాత గుంపు తమ నాయకురాలిగా వెలగను ఎంచుకుంది. ఆ ముసురు వెలిశాక మనుషులు రోడ్డు బాగుచేశారు, కొత్త గోడ కట్టారు. వాహనాలు మళ్లీ వచ్చాయి. కిటికీల్లోంచి ప్యాకెట్లు పడుతూనే ఉన్నాయి. వెలగ ఎవరినీ కట్టడి చేయలేదు. పొద్దున్నే గుంపును లేపి నేరేడుచెట్ల వైపు దారితీసేదంతే. పిల్లలు అరుచుకుంటూ కొమ్మల మీద ముందు పోయేవారు. పెద్దలు వెనక నడిచేవారు. మధ్యాహ్నానికి అందరి నాలుకలూ ఊదారంగు తిరిగేవి. అప్పుడప్పుడు ఎవరైనా గోడ దాకా వెళ్లి ఒకటి రెండు బిస్కెట్లు తిని వచ్చినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

ఉద్దండుడు చాలా రోజులు కొండ మీది ఓ గుహలోనే పడుకున్నాడు. పరికి తెచ్చిపెట్టిన పండ్లు తిన్నాడే గాని, తల ఎత్తి ఎవరితోనూ మాట్లాడలేదు. కాలు కాస్త ఆనేసరికి ఓ ఉదయం గుహ వాకిలి దాకా పాకి వచ్చాడు. బయట గుంపు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది.

"వెలగా, ఈ వయసులో, ఈ ఒంటితో, కుంటికాలితో... నేను కూడా నడవగలనంటావా?" అని అడిగాడు. ఆ గొంతులో ఎప్పటి దర్జా లేదు.

వెలగ గుంపును ఆగమంది. అతని చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ముందున్న ఒక చిన్న రాయిని చూపించింది.

"ఇవాళ అక్కడిదాకా చాలు, అన్నా."

ఉద్దండుడు పళ్లు బిగించి ఒక అడుగు వేశాడు. ఆగి, ఊపిరి తీసుకుని, రెండో అడుగు వేశాడు.

నీతి: కూర్చున్నచోటికి వచ్చే తీపి తిండి, కదలని కాలు, చాలని నిద్ర కలిసి ఒళ్లును బరువెక్కిస్తాయి. ఒంటిని తిట్టుకోవడం మాని బతికే తీరు మార్చుకుంటే ఆరోగ్యం అడుగడుగునా తిరిగి వస్తుంది.