తుక్కు ధర

కుమ్మరి ఏడుకొండలు కొత్త బట్టీ కట్టుకోవాలని తన పాత పికప్ వ్యాను అమ్మకానికి పెట్టాడు. కొనడానికొచ్చిన బియ్యం మిల్లు యజమాని మంగపతి ముప్పై బస్తాలు ఎక్కించి ఊరంతా తిప్పి చూశాడు. బండి ఎక్కడా ఆగలేదు.

దిగి టైరును కాలితో తన్నాడు. "ఇది బండి కాదురా, తుక్కు. తూకమేసి తుక్కు ధర ఇస్తా."

"అలాగేనండి," అని ఏడుకొండలు పక్క వెల్డింగ్ షాపులోంచి గ్యాస్ కట్టరు తెచ్చి, వెలిగించి, బండి తలుపుకు ఆనించబోయాడు.

"ఆగరా పిచ్చోడా! నడిచే బండిని ఎవడైనా కోస్తాడా?"

"ముక్కలు చేసినా తుక్కు బరువు తగ్గదు కదండీ. మీకు తూకానికి సులువని..."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంగపతి నడిచే బండి ధరే ఇచ్చాడు. ఏడుకొండలు ఆ పూటే కొత్త బట్టీకి ఇటుకలు పంపమని చెప్పాడు.