తెల్లదోమకు గడువు

“నోరు లేని వాళ్ళ మాట కూడా విన్నాకే ఏ నిర్ణయమైనా.” దొండలంక రేవులో మైకు పట్టుకుని వ్యవసాయ శాఖ అధికారి మాకిచ్చిన మాట ఇది. మేం చప్పట్లు కూడా కొట్టాం.

దేశంలోకి కొత్తగా దిగిన తెల్లదోమ అప్పటికే ఏటి అవతలి తోటల దాకా వచ్చేసింది. కొబ్బరాకు కింద చేరి రసం పీల్చేస్తుంది, ఆకు నల్లబడిపోతుంది. అది లంకలోకి రాకుండా ఏం చేయాలో ప్రజలనే అడగమని పైనుంచి ఉత్తర్వు. ఆ అడిగే పనిని బుర్రా వారి అన్నదమ్ములకు అప్పజెప్పి అధికారి వచ్చిన పడవలోనే వెళ్ళిపోయాడు.

బుర్రా వారు ముగ్గురు. పెద్దవాడు గంగాచలం, నడిపివాడు పుల్లేశ్వర్రావు, చిన్నవాడు తాతబ్బాయి. లంకలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే తెలివి అంటారు. ఇంటిపేరు చూస్తే తెలియడం లేదా అని కూడా అడుగుతారు. ఎవరూ కాదనలేదు కాబట్టి అవుననుకున్నారు.

అధికారి వెళ్తూ వెళ్తూ, పురుగును గడప దాటనివ్వకండి అన్నాడు. ముగ్గురూ ఇంటికెళ్ళి గడప ముందు కూర్చుని ఆలోచించారు. గడపంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దాటుతుంది. లేకపోతే ఏం దాటుతుంది? అంతే, గునపం తెచ్చి, పసుపు రాసిన గడపను పెకలించి పెరట్లో పారేశారు. గంగాచలం భార్య కాంతమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి పక్కింటి కోళ్ళు నట్టింట్లో తిరుగుతున్నాయి. పురుగు దాటలేదు కదా అన్నాడు గంగాచలం. మరి కోళ్ళ మాటేమిటని ఆవిడ అడిగితే, కోళ్ళ గురించి శాఖ ఏమీ చెప్పలేదన్నాడు.

మర్నాడు స్కూలు ఆవరణలో సభ పెట్టారు. ముందు వరసలో మంగతాయారు కూర్చుంది. లంకలో కొబ్బరి మొక్కలు పెంచి అమ్మేది ఆవిడొక్కతే. మొగుడు పోయాక ఆ మొక్కల మడే ఇల్లు నడుపుతోంది. ఆకు మీద తెల్లమచ్చ కనబడితే ఆ మడిలో మొక్క ఎవరూ ముట్టుకోరు. చెప్పాల్సింది ముందే అనుకుని వచ్చింది కాబట్టి వెంటనే లేచి నిలబడింది.

“గంగాచలం మరిదిగారూ, ఒక్క మాట. అవతలి నుంచి కొబ్బరి మొక్క గానీ, మట్ట గానీ పడవెక్కనివ్వకండి. రేవులోనే ఆపేయండి. నేనడిగేది అంతే.”

“మీకు నోరుందా వదినా?” అన్నాడు గంగాచలం.

“లేకపోతే దేంతో మాట్లాడుతున్నాను?”

“ఆయ్, మరి కూర్చోండి. నోరు లేని వాళ్ళ మాట విన్నాకే అన్నారు. ముందు వాళ్ళది అయిపోవాలి.”

ఇంకేముంది, సభ ఆపేసి ముగ్గురూ తోటల్లోకి నడిచారు. లంకలో నోరు లేనివి కొబ్బరిచెట్లే కదా. చెట్టు చెట్టు దగ్గరా ఆగి, దండం పెట్టి, తెల్లదోమ మీద తమరి అభిప్రాయం ఏమిటని పుల్లేశ్వర్రావు అడుగుతాడు. తాతబ్బాయి మానుకు చెవి ఆనించి వింటాడు. ఒక చెట్టు కాయ రాల్చింది. అది గంగాచలం వీపు మీద పడింది. ఇది అవునన్నట్టా, కాదన్నట్టా అని అన్నదమ్ములు తగువులాడుకుని చివరికి అధికారికి ఫోన్ చేశారు. ఆయన ఏ పనిలో ఉన్నాడో, అభ్యంతరం చెప్పనివాళ్ళంతా ఒప్పుకున్నట్టే రాసుకోండయ్యా అని పెట్టేశాడు. అంతే, ఆ సాయంత్రానికి లంకలోని చెట్లన్నీ తెల్లదోమకు ఒప్పుకున్నాయి. కాయ రాల్చిన చెట్టొక్కటే ఒప్పుకోలేదు.

మంగతాయారు మళ్ళీ వచ్చింది. నోరు లేని వాళ్ళది అయిపోయింది కదా, ఇప్పుడు నా మాట వినండి అంది. వినేవాళ్ళే. కానీ తాతబ్బాయికి న్యాయం గుర్తొచ్చింది. ఆవిడ తెల్లదోమను ఎప్పుడూ చూడలేదు. చూడని దాని మీద అభిప్రాయం చెప్పించడం దానికీ అన్యాయం, ఆవిడకీ అన్యాయం. అన్నలిద్దరికీ తమ్ముడి బుద్ధికి కళ్ళు చెమర్చాయి.

ఇంకేముంది, పడవెక్కి అవతలికెళ్ళారు. తెల్లదోమ బాగా పట్టిన మట్టను ఏరి కొట్టించారు. దారిలో పురుగు వాడిపోకుండా తడిగోనె కప్పారు. రేవు దాటించి, నేరుగా మంగతాయారు మడికి తెచ్చి, లేత మొక్కల మీద పరిచి గోనె తీశారు.

“చూడండి వదినా,” అన్నాడు గంగాచలం. “నిదానంగా చూసి చెప్పండి. తొందరేం లేదు.”

మట్ట కింద నుంచి తెల్లగా పొడిలాంటిది లేచింది. కాసేపు గాల్లో తిరిగి మొక్కల మీద వాలింది. మంగతాయారు చూసింది. ఒక మొక్క ఆకు తిప్పి చూసింది, పక్కదాని ఆకు తిప్పి చూసింది. తర్వాత మడి గట్టు మీద కూర్చుండిపోయింది. ఏమీ అనలేదు.

“అభ్యంతరం లేదు,” అన్నాడు గంగాచలం. “రాసుకోరా పుల్లేశ్వరం.”

నెల తిరిగేసరికి మడి నల్లబడింది. మేం జెండాలు పట్టుకుని శాఖ ఆఫీసు ముందు కూర్చున్నాం. మట్టి మాది, మాట మాది అన్నాం. తెల్లదోమా, లంక వదిలిపో అని కూడా అన్నాం. లోపల్నుంచి కబురొచ్చింది: ప్రజాభిప్రాయ సేకరణ సక్రమంగా ముగిసింది, లంకవాసులు ఒక్క చెట్టు తప్ప అందరూ ఒప్పుకున్నారు.

మా నినాదం మాత్రం బుర్రా వారికి నచ్చలేదు. ఎవరినైనా పొమ్మనే ముందు వాళ్ళ మాట వినాలి కదా అన్నారు. అంతే, తెల్లదోమలకు నోటీసు రాశారు. లంక ఎందుకు ఖాళీ చేయకూడదో డిసెంబరు పదిహేనో తేదీ సాయంత్రం ఐదింటిలోగా రాతపూర్వకంగా తెలపాలి. చదువుకోవడానికి వీలుగా నోటీసులను ఆకుల కింద, పురుగు కళ్ళకు ఎదురుగా అతికించారు. రాసుకోవడానికి వీలుగా మొక్క మొక్కకూ పెన్ను వేలాడదీశారు. మంగతాయారు అడ్డుపడబోతే, జవాబు రానివ్వండి వదినా, తర్వాత మీ వంతే అన్నారు.

శాఖను మేమడిగేది కూడా ఒకటే. మంగతాయారు చెప్పిన ఆ ఒక్క మాట ఎవరు విన్నారు? జవాబు రాతలో కావాలి. పెన్ను లేదనడానికి వీల్లేదు, మడి నిండా ఉన్నాయి. తెల్లదోమకు పెట్టిన గడువే మీకూ పెడుతున్నాం: డిసెంబరు పదిహేను, సాయంత్రం ఐదు గంటలు.