తెల్లిసుకలో ఎత్తిన తొండాలు

అనగనగా ఒక అడవి. అడవి అనగానే మీరు పచ్చగా ఊహించుకుంటారని నాకు తెలుసు. ఇది నడి వేసవిలో అడవి. ఆకులన్నీ రాలిపోయి ఉత్త కొమ్మలు మిగిలాయి. అడవి మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి ఇసుక పరుచుకుని ఉండేది. ఏనుగులు ఆ చోటును తెల్లిసుక అనేవి. ఇసుకకు అవతల ఒక మడుగు ఉంది. ఏనుగుల మంద రోజూ ఇసుక దాటి వెళ్ళి, మడుగులో నీళ్ళు తాగి, మళ్ళీ ఇసుక దాటి తిరిగొచ్చేది.

ఇందులో ఒక వింత ఉంది. ఇసుకలో మొదటి అడుగు పెట్టగానే ఏనుగులన్నీ తొండాలు పైకెత్తేవి. అవతలి గట్టు ఎక్కేదాకా దించేవి కావు. మెడలు పీకేవి, తొండాలు తిమ్మిరెక్కేవి, అయినా సరే. మీరు ఒకసారి చెయ్యి పైకెత్తి వందదాకా లెక్కపెట్టి చూడండి, ఆ బాధ ఏమిటో తెలుస్తుంది.

దించితే ఏమవుతుంది? మందలోంచి పంపేస్తారు. మందకు పెద్ద భద్రవ్వ. చాలా గట్టిది. ఒకసారి ఆమె సొంత అక్కకు ఇసుక మధ్యలో తుమ్మొచ్చి తొండం కిందికి జారింది. భద్రవ్వ ఆమెను కూడా వదల్లేదు, పంపేసింది. ఆ అక్క మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

ఈ మందలో తుమ్మెద అని ఒక తల్లి ఏనుగు ఉండేది. ఏనుగుకు తుమ్మెద పేరేమిటని నన్నడక్కండి, వాళ్ళమ్మ ముద్దుగా పెట్టుకుంది. ఆ పేరు తగినదే. ఒక సందేహం పట్టుకుందంటే చెవి దగ్గర రొద ఆగదు. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒకటే సందేహం, ఇసుకలో తొండం ఎందుకు ఎత్తాలని.

ముందు భద్రవ్వను అడిగింది. దించితే ఆకాశం అలుగుతుందని భద్రవ్వ చెప్పింది. ఎందుకు అలుగుతుందని అడిగితే తొండంతో నెత్తిన ఒక్కటి వేసింది.

తర్వాత గంభీరయ్యను అడిగింది. కొండ కింద ఒంటరిగా ఉండే దంతాల ఏనుగు ఆయన. అన్నీ తెలిసినవాడని అందరూ అనుకునేవాళ్ళు. ఆయన కళ్ళు సగం మూసుకుని, చచ్చిపోయిన ఏనుగులు చుక్కలవుతాయని, పగలు కనబడకపోయినా పైనే ఉంటాయని, తొండం ఎత్తడమంటే వాటికి దండం పెట్టడమని చెప్పాడు. మరి ఇసుకలోనే ఎందుకు పెట్టాలి, చెట్ల కింద ఎందుకు పెట్టకూడదని తుమ్మెద అడిగింది. గంభీరయ్య మిగతా సగం కళ్ళు కూడా మూసుకున్నాడు.

మూడోసారి పక్క మంద అవ్వను అడిగింది. ఆ మందవాళ్ళు కూడా తొండాలు ఎత్తేవాళ్ళే. కాకపోతే చివరను ఎడమకు వంచేవాళ్ళు, వీళ్ళేమో కుడికి. ఈ ఒక్క తేడాకే రెండు మందలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశాయి. ఎడమకు వంచకపోతే తాగిన నీళ్ళు వంటబట్టవని ఆ అవ్వ చెప్పింది. మొదట ఎడమకు వంచింది ఎవరని తుమ్మెద అడగగానే తరిమేసింది.

ఒక్క పనికి మూడు కారణాలు ఎలా ఉంటాయో తుమ్మెదకు అర్థం కాలేదు. అయినా తొండం ఎత్తుతూనే ఉంది. ఎత్తక ఏం చేస్తుంది? ఆమెకు నాలుగు నెలల బిడ్డ, పేరు బుడిగి. మంద వదిలేసిన పిల్లతల్లికి పులి ఉన్న అడవిలో బతుకు ఉండదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఒకరోజు పొద్దున్నే మంద ఇసుక దాటి మడుగుకు వెళ్ళింది. మడుగులో నీళ్ళు లేవు. పగిలిన బురద పెళ్ళలు మాత్రమే ఉన్నాయి. ఇక ఎర్రకొండ అవతల చెరువే దిక్కని, వెనక్కి నడవాలని భద్రవ్వ చెప్పింది. ఆ చెరువుకు రెండు రోజుల నడక. తుమ్మెద పాలు అప్పటికే ఎండిపోయాయి.

తెల్లిసుక మధ్యకు వచ్చేసరికి బుడిగి కూలబడింది. తుమ్మెద కాలితో నెట్టి లేపబోయింది, లేవలేదు. ఇసుకలో ఎక్కడా ఆగకూడదని భద్రవ్వ ముందు నుంచి కేకేసింది. మంద నడుస్తూనే ఉంది. తుమ్మెద బిడ్డను వదిలి కదల్లేదు. ఆమెకు చాలా భయం వేసింది.

అప్పుడు బుడిగి కాళ్ళ దగ్గర ఇసుక కదిలింది. బోర్లించిన మూకుడులాంటిది ఒకటి పైకి లేచింది. అది ఒక ముసలి తాబేలు, పేరు డిప్పయ్య. వేసవంతా ఇసుక కింద నిద్రపోయేవాడు. ఆయన వయసు ఆయనకే గుర్తులేదు. ఇసుక దులుపుకుని, తలెత్తి, తుమ్మెద తొండం వంక వింతగా చూశాడు.

"ఇంకా ఎత్తుతున్నారటమ్మా? నది పోయి ఎన్నేళ్ళయిందో" అన్నాడు.

"ఏ నది తాతా?" అంది తుమ్మెద.

డిప్పయ్య చెప్పాడు. ఇది ఒకప్పుడు ఏనుగు మునిగేంత నదిట. ఏనుగులు ఈదుతూ దాటేవిట. ఊపిరాడాలి కాబట్టి తొండాలు నీళ్ళ పైకి ఎత్తేవి. తొండం దించిన పిల్ల మునిగిపోయేది. అందుకే దించొద్దని తల్లులు గట్టిగా చెప్పేవాళ్ళు. తర్వాత ఒక ఏడు పైన కొండ విరిగిపడి నది పక్కకు మళ్ళింది. ఇక్కడ నీళ్ళు మోకాళ్ళ దాకా మిగిలాయి. అప్పటి ఏనుగులు, ఇన్నాళ్ళు మనల్ని దాటనిచ్చిన నదికి దండం అని తొండాలు ఎత్తాయి. ఇంకొన్ని తరాలకు ఆ నీళ్ళూ పోయాయి, ఏనుగులు నది మాటే మరిచిపోయాయి. దండం ఎవరికో తెలియలేదు. పైకెత్తాం కాబట్టి పైవాళ్ళకే అయ్యుంటుంది అనుకున్నాయి.

"మరి ఆ ఎడమవైపు?" అని అడక్కుండా ఉండలేకపోయింది తుమ్మెద.

"ఒక అవ్వకు తొండం చివర తేనెటీగ కుట్టింది. వాపు తగ్గేదాకా ఎడమకు వంచి నడిచింది. వెనకాల వాళ్ళంతా వంచారు. నేను చూస్తూనే ఉన్నాను."

ఇంకో రోజైతే తుమ్మెద పడీపడీ నవ్వేది. ఇప్పుడు మాత్రం ఆమె కళ్ళు డిప్పయ్య పొట్ట మీద ఆగాయి. అక్కడ ఇసుక నల్లగా, ముద్దగా అంటుకుని ఉంది.

"ఇంత ఎండలో నీ పొట్టకు తడి ఎక్కడిది తాతా?"

"కింద ఇంకా కాస్త చెమ్మ ఉందమ్మా. నీళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలీదు. నా గోళ్ళు అంత లోతుకు పోవు. వాసన పట్టే ముక్కు మీకుంది, దాన్ని మీరు ఆకాశానికి చూపిస్తున్నారు."

తుమ్మెద బుడిగిని చూసింది. ముందున్న మందను చూసింది. భద్రవ్వ వెనక్కి తిరిగి ఆమెనే చూస్తోంది. "దించావంటే నువ్వు మా మంద కాదు తుమ్మెదా" అంది భద్రవ్వ.

తుమ్మెద తొండం దించింది.

ఇసుక మీద ఆనించి వాసన చూసింది. ఏమీ లేదు. నాలుగడుగులు జరిగి మళ్ళీ చూసింది. ఎండిన నాచు వాసన వచ్చింది, అంతే. మూడోసారి పక్కనే ఉన్న పల్లంలో చూసింది. చల్లటి వాసన తొండంలోకి పాకింది. ముందు కాలితో తవ్వడం మొదలుపెట్టింది. మోకాలి లోతు తవ్వేసరికి ఇసుక తడిసింది. ఇంకా తవ్వింది. గుంట అడుగున నీళ్ళు ఊరాయి. తొండంతో పీల్చి తెచ్చి బుడిగి నోట్లో పోసింది. బుడిగి గుటక వేసింది. తర్వాత ఇంకోటి.

భద్రవ్వ కోపంగా వచ్చింది, తొండం ఎత్తే ఉంది. ఇంతలో గాలికి నీళ్ళ వాసన ఆమె దాకా వచ్చింది. ఆమె అక్కడే ఆగిపోయింది. తొండం మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగింది. గుంటలో నీళ్ళను తాకింది.

"ఇన్నేళ్ళూ నీళ్ళ మీద నడుచుకుంటూ నీళ్ళ కోసం వెళ్ళామా?" అంది. కాసేపటికి మళ్ళీ అంది, "తుమ్మొచ్చిందని మా అక్కను పంపేశానే."

ఆమె ఏడ్చింది. మంద అంతా చూస్తుండగానే ఏడ్చింది. తుమ్మెద ఆమె పక్కన నిలబడింది. ఆ రోజు మొత్తం ఏడు గుంటలు తవ్వారు. సాయంత్రానికి ఎడమ తొండాల మంద కూడా వచ్చి తాగింది. ఎటు వంచాలో ఎవరూ ఎవరినీ అడగలేదు.

తర్వాత కుర్ర ఏనుగులు కొన్ని ఎగతాళి మొదలుపెట్టాయి. పాతవాళ్ళంతా తెలివిలేనివాళ్ళని, ఇక తొండం ఎత్తే పనే లేదని అన్నాయి. వాళ్ళు తెలివైనవాళ్ళే, వాళ్ళ కాలంలో ఇక్కడ నది ఉండేదని తుమ్మెద చెప్పింది. అవి వినలేదు. ఆ వానాకాలం కుండపోతగా కురిసింది. పాత దారి గుర్తొచ్చినట్టు నది మూడు రోజుల పాటు తెల్లిసుకలోకి వచ్చింది. తుమ్మెద బుడిగిని పక్కన పెట్టుకుని, తొండం పైకెత్తించి దాటించింది. ఎగతాళి చేసినవి కూడా నోట్లోకి నీళ్ళు పోగానే తొండాలు ఎత్తాయి.

చాలా ఏళ్ళు గడిచాయి. తుమ్మెద ముసలిదై మందకు పెద్ద అయింది. ఇప్పుడు తెల్లిసుకలో ఏనుగులన్నీ తొండాలు దించి నడిచేవి. ఒకరోజు ఒక చిన్న పిల్ల, ఎందుకు దించాలని వాళ్ళ పిన్నిని అడిగింది. "పెద్దవాళ్ళు దించారు, నువ్వూ దించు" అంది పిన్ని.

ఆ మాట తుమ్మెద చెవిన పడింది. ఎండలోనే మందనంతా ఆపేసింది. నది దగ్గర మొదలుపెట్టి తేనెటీగ దాకా, భద్రవ్వ అక్క దాకా, అంతా చెప్పింది. అయ్యేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

అంతా విని ఆ పిల్ల ఇంకోటి అడిగింది. "మళ్ళిన నది ఇప్పుడు ఎక్కడుంది అవ్వా?"

తుమ్మెద చెప్పబోయి ఆగింది. ఇన్నేళ్ళలో ఆ మాట తను ఎప్పుడూ అడగలేదు. ఆమెకు నవ్వొచ్చింది.

"నాకు తెలీదే. పద, చూసొద్దాం" అంది.

ఇందాక నేను మీతో 'నన్నడక్కండి' అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడగండి.

నీతి: పెద్దల నుంచి ఆచారాన్ని తీసుకునేటప్పుడు దాని కారణాన్ని కూడా అడిగి తీసుకోవాలి, కారణం తెలిసినవాళ్ళకే దాన్ని ఎప్పుడు పాటించాలో, ఎప్పుడు మార్చుకోవాలో తెలుస్తుంది.